దారి ఉంటే కాళ్లు అవే కదులుతాయి

“రోజూ ఓ అరగంట సైకిల్ తొక్కండి.” షుగర్ రిపోర్టు చూసి డాక్టరు ఈ మాట అంటే మీరేం చేస్తారు? తలూపి ఇంటికి వచ్చేస్తారు. మా ఆయన మాత్రం నిజంగానే సైకిల్ కొన్నారు. పదకొండు రోజులు తొక్కారు. పన్నెండో రోజు పొద్దున్నే ఆరింటికి, రాంగ్ రూట్‌లో వచ్చిన ఆటో గుద్దేసింది. ఎముకలు విరగలేదు, అదృష్టం. మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. సైకిల్ బాల్కనీలోకి చేరింది. దాని మీద తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టాం.

ఆ తర్వాత రెండేళ్లు ఇంట్లో ఒకటే గొడవ. “మీకు బద్ధకం” అని నేను. “రోడ్డెక్కితే నీకు తెలుస్తుంది” అని ఆయన. మీ ఇంట్లోనూ ఇలాంటి వాదన నడుస్తుంటే కాస్త ఆగి ఇది చదవండి. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకు పదకొండు వేల కిలోమీటర్ల ప్రయాణం పట్టింది.

మా అమ్మాయి న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఉంటుంది. మనకు ఎండలు ముదిరే ఏప్రిల్‌లో అక్కడ ఆకులు రాలే కాలం. అప్పుడు మమ్మల్ని సెంట్రల్ ఒటాగో అనే ప్రాంతానికి తీసుకెళ్లింది. డునెడిన్ నుంచి కారులో మూడు గంటల లోపే. బోడి కొండలు, వాటి మధ్య క్లూతా నది, నది పక్కన పసుపు రంగుకు తిరిగిన ద్రాక్షతోటలు. ప్రపంచంలో బాగా దక్షిణాన ఉన్న ద్రాక్షతోటల్లో ఇవి కొన్ని. “ఇక్కడ సైకిళ్లు తొక్కుదాం” అంది అమ్మాయి. ఆయన ముఖం చూడాలి! “నేను కారులో కూర్చుంటా, మీరు వెళ్లి రండి” అన్నారు.

“నాన్నా, ఇక్కడ ఆటోలు రావు. కార్లూ రావు. అసలు రానివ్వరు” అంది.

ఆ దారి పేరు ఒటాగో సెంట్రల్ రైల్ ట్రైల్. క్లైడ్ అనే ఊరి నుంచి మిడిల్‌మార్చ్ దాకా 152 కిలోమీటర్లు. పేరులోనే ఉన్నట్టు అది ఒకప్పటి రైలు మార్గం. 1990లో రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు తీసేశారు. ఆ కట్ట వృథా కాకుండా 1993లో అక్కడి ప్రభుత్వ పరిరక్షణ శాఖ తీసుకుంది. వంతెనలకు చెక్కలు పరిచి, కట్ట మీద సన్న గ్రావెల్ వేసి, 2000 సంవత్సరంలో నడిచేవాళ్లకీ సైకిళ్లకీ తెరిచింది. అక్కడక్కడా మామూలు రోడ్లను దాటాలి, అంతే. మిగతాదంతా మోటారు బండి కనిపించని దారి.

ఇందులో మోకాళ్లకు సంబంధించిన రహస్యం ఒకటుంది. రైలు ఇంజను నిటారుగా ఎక్కలేదు. అందుకే రైలు కట్ట ఎక్కడైనా చాలా నెమ్మదిగా పైకి వెళుతుంది. ఈ దారిలో ఎంత ఎత్తైన చోటైనా వాలు యాభై అడుగులకు ఒక అడుగు మించదు. యాభై ఏళ్లు దాటిన మోకాళ్లకు అంతకంటే మర్యాద చేసే దారి ఏముంటుంది?

మొదటి రోజు క్లైడ్ నుంచి అలెగ్జాండ్రా దాకా ఎనిమిది కిలోమీటర్లే తొక్కాం. మొదటి కిలోమీటరులో ఆయన పది సార్లు వెనక్కి తిరిగి చూశారు, హారన్ ఎక్కడ మోగుతుందోనని. తర్వాత అయిదు సార్లు. తర్వాత చూడటం మానేశారు. ఆ మానేయడమే నేను చెప్పదలచుకున్న అసలు విషయం. భయం దిగిపోయాక మనిషి భుజాలు కిందికి దిగాయి. హ్యాండిల్ మీద పిడికిళ్లు వదులయ్యాయి. రెండేళ్లుగా “బద్ధకం” అని నేను తిట్టిపోసింది బద్ధకం కాదు, భయం.

మూడో రోజు లాడర్ అనే చిన్న ఊరి దగ్గర పూల్‌బర్న్ లోయలోకి వెళ్లాం. అక్కడ పాత రైలు సొరంగాలు రెండు, లోయ మీద రాతి స్తంభాలతో ఎత్తైన వంతెన ఒకటి ఉన్నాయి. సొరంగంలో పట్టపగలే చీకటి. టార్చి వేసుకుని సైకిళ్లు నడిపించుకుంటూ దాటాం. అవతల ఒక ముసలి జంట కూర్చుని శాండ్‌విచ్‌లు తింటున్నారు. ఆమెకు డెబ్బై ఆరు ఏళ్లట. బ్యాటరీ సాయంతో నడిచే ఈ-బైక్ మీద వచ్చింది. ఆమె క్రీడాకారిణి కాదు. కళ్లజోడు, బెత్తెడు నడుం బెల్టు ఉన్న మామూలు బామ్మ.

నాలుగో రోజు క్రామ్‌వెల్ వెళ్లాం. అక్కడి నుంచి క్లైడ్ దాకా లేక్ డన్‌స్టన్ ట్రైల్ అని ఇంకో దారి ఉంది, 2021లో తెరిచారు. క్లూతా నది మీద ఆనకట్ట కట్టాక ఏర్పడిన సరస్సు పక్కనే ఇది సాగుతుంది. బ్యానక్‌బర్న్ వైపు ద్రాక్ష వరసలు దారి అంచుదాకా వస్తాయి. ముందుకెళితే నిలువు కొండరాయికి బిగించిన వంతెనలు, కింద నీళ్లు. ఎక్కుడు దిగుడులూ ఎక్కువే. అది మాలాంటి వాళ్లకు కాదని తోటల దగ్గరే వెనక్కి తిరిగాం. దారిలో వైన్ రుచి చూపించే చోట్లు చాలా ఉంటాయి. సైకిల్ అద్దెకిచ్చిన వాళ్లకు తిరిగి అప్పగించేదాకా ఆ వైపు వెళ్లకపోవడమే మంచిది.

నాలుగు రోజుల్లో షుగర్ మాయమైందని చెబితే అది అబద్ధం. కానీ రోజుకు రెండు గంటలు ఆయన కదిలారు, ఎవరూ బతిమాలకుండా. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేం రెండో రోజు మధ్యాహ్నానికే అది దాటేశాం. సైకిల్ మీద ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది కాబట్టి మోకాళ్లు కూడా మొరాయించలేదు.

“వాళ్లది చిన్న దేశం, జనం తక్కువ, డబ్బుంది” అని మీరు అనొచ్చు. నేనూ అన్నాను. కానీ ఆ రైలు కట్టను కొత్తగా వేయలేదు. పనికిరాదని వదిలేసిన దాన్ని మళ్లీ వాడుకున్నారు. రైలు పోయి పల్చబడిన ఊళ్లకు సైకిల్ యాత్రికులు వచ్చాక హోటళ్లు, చిన్న బసలు, కాఫీ దుకాణాలు వచ్చాయి. ఆ అనుభవం చూశాకే 2009లో న్యూజిలాండ్ ప్రభుత్వం దేశమంతా ఇలాంటి దారులు వేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇరవైకి పైగా ఉన్నాయి.

మనకు లేనిది డబ్బు ఒక్కటే కాదు, ఆ చూపు. గ్రావెల్ సైక్లింగ్ అంటే ఏదో విదేశీ ఫ్యాషన్ అనుకుంటాం. నేను సైకిల్ నేర్చుకున్నది తెనాలి కాలువ గట్టు మీద, ఎర్ర గ్రావెల్ పోసిన దారిలో. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క అరటి తోటలు. అప్పుడు దానికి ఏ పేరూ లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అలాంటి గట్లు ఇప్పటికీ ఎన్ని లేవు! వాటిలో కొన్నిటి మీదైనా పొద్దున రెండు గంటలు బండ్లు ఆపితే ఎంతమంది షుగర్ రోగులు సైకిళ్లు కిందికి దించుతారో ఆలోచించండి. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. మంచి పని. కానీ సైకిల్ దారి ఇంటి నుంచి తొక్కుకుంటూ చేరేలా ఉండాలి. కారెక్కి వెళ్లాల్సి వస్తే అది నెలకోసారి షికారే అవుతుంది, అలవాటు కాదు.

కాబట్టి రేపు డాక్టరు “సైకిల్ తొక్కండి” అంటే, “ఎక్కడ తొక్కమంటారు?” అని అడగండి. అదే ప్రశ్న మీ కార్పొరేటర్‌నీ, సర్పంచ్‌నీ అడగండి. ఇంట్లో వాళ్లను బద్ధకస్తులని తిట్టే ముందు మీ వీధి రోడ్డు వైపు ఒకసారి చూడండి.

మీ ఊరి గట్టు మీదో, ఇలాంటి విదేశీ దారిలోనో తొక్కే అవకాశం వస్తే కొన్ని జాగ్రత్తలు. గ్రావెల్ మీద సన్న టైర్లు జారతాయి, వెడల్పు టైర్ల సైకిల్ తీసుకోండి, గాలి కాస్త తక్కువ ఉంచండి. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టకండి, మలుపుకు ముందే వేగం తగ్గించండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు పెట్టుకోండి. సీటు మరీ కిందికుంటే మోకాలు నొప్పి ఖాయం. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు బయల్దేరే ముందు షుగర్ చూసుకోవాలి, జేబులో గ్లూకోజో, బెల్లం ముక్కో ఉండాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే వెళ్లాలి. తొక్కుతుండగా ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆగాలి. హెల్మెట్ న్యూజిలాండ్‌లో చట్టం, మన దగ్గర మన బాధ్యత.

మేం తిరిగొచ్చి నాలుగు నెలలైంది. బాల్కనీలో తువ్వాళ్లకు కొత్త తీగ కట్టాం. ఆయన ఆ పాత మెయిన్ రోడ్డు మీదకు మాత్రం వెళ్లరు, నేను వెళ్లమనడం లేదు. మా కాలనీ వెనక చెరువు కట్ట ఉంది. పొద్దున అయిదున్నరకు అక్కడ బండ్లు ఉండవు. రెండు చివర్లా రాళ్లు పెట్టి బైకులు రాకుండా చేయమని కాలనీ వాళ్లం ఇరవై ఏడు మందిమి సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళుతున్నాం.