కాలేయం ఒక్కటే దిక్కు కాకూడదు

దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) నొప్పి మందులకు లొంగనప్పుడు కొందరికి క్లోమాన్ని పూర్తిగా తీసేసి, అందులో ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలను పోర్టల్ సిర గుండా వారి కాలేయంలోకే పంపుతారు. 1977లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ చికిత్స ఎందరికో ఊరటనిచ్చింది. సొంత కణాలు కాబట్టి తిరస్కరణను ఆపే మందులు అక్కర్లేదు. అయితే రక్తం తగలగానే రేగే వాపు, గడ్డకట్టే ప్రక్రియ చాలా కణాలను తొలి రోజుల్లోనే చంపేస్తాయి. సిరలో పీడనం పెరిగితే కొన్ని కణాలు బయటే మిగిలిపోతాయి. పైగా రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కాలేయంలోని ఐలెట్లు దాన్ని పెంచే హార్మోన్ గ్లూకగాన్‌ను సరిగా విడుదల చేయవు. అందుకే పేగుల ముందు పరుచుకున్న కొవ్వు పొర ఒమెంటం, ముంజేతి కండరం, ఎముక మజ్జ వంటి చోట్లను పరిశోధకులు పరీక్షిస్తున్నారు. ఏదీ ఇంకా కాలేయాన్ని మించిందని రుజువు కాలేదు. అలాగని వేచి చూస్తూ కూర్చోవడం సరికాదు. రోగికి ఉన్నవి ఆ కాసిన్ని కణాలే కనుక ఎక్కువ భాగం కాలేయంలో, కొంత భాగం మరోచోట ఉంచి పోల్చే జాగ్రత్తతో కూడిన ప్రయోగాలు కావాలి. ఈ పాంక్రియాటైటిస్‌లోనే ఒక రకమైన, చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు ఏర్పడే జబ్బు దక్షిణ భారతంలో ఎక్కువ. అందుకే మన పెద్దాసుపత్రులు ఆ ప్రయోగాల్లో ముందుండాలి.