నలుగురిలో ఒకరా?

గత నెలలో ఒకనాడు అసర్ నమాజు తరువాత మా పై తరగతి విద్యార్థి ఒకడు ఎంతో సంతోషంగా వచ్చి తన ఫోన్‌లోని సందేశం ఒకటి మాకు చూపించాడు. బ్రిటన్ త్వరలోనే ముస్లిం దేశం కానున్నదని దాని సారాంశం. "దీని సనద్ ఏమిటి?" అని అడిగాము. హదీసు పాఠంలో నిత్యం వినే మాట కనుక నవ్వి ఊరుకున్నాడు. "సరే, అక్కడ నూటికి ఎంతమంది ముస్లింలు ఉంటారని నీ అంచనా?" అంటే కొంచెం ఆలోచించి, "ఇరవై అయిదు ఉండవచ్చు హజ్రత్" అన్నాడు.

తనకు తెలియకుండానే అతడు బ్రిటన్ ప్రజల సమాధానమే చెప్పాడు. 2013లో ఇప్సాస్ మోరి అనే సర్వే సంస్థ, రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ, లండన్‌లోని కింగ్స్ కాలేజ్ కలిసి ఆ దేశ ప్రజలను ఇటువంటి ప్రశ్నలే అడిగాయి. ఇంగ్లండు, వేల్స్ జనాభాలో ముస్లింలు ఎందరన్న ప్రశ్నకు వచ్చిన సగటు జవాబు నూటికి 24. జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 5. క్రైస్తవులు 34 మందే అనుకున్నారు. లెక్కల్లో ఉన్నది 59 మంది.

ఈ 24ను చూడగానే మనలో కొందరు "ఇదంతా ద్వేషం" అని తీర్పు చెప్పివేస్తారు. అంత తొందర తగదు. పదహారేళ్ల లోపు బాలికల్లో ఏటా నూటికి 15 మంది గర్భవతులవుతున్నారని అదే ప్రజలు అదే సర్వేలో చెప్పారు. వాస్తవం 0.6, అనగా నూటికి ఒక్కరు కూడా కాదు. ప్రభుత్వం ఇచ్చే భృతిలో ప్రతి 100 పౌండ్లకు 24 పౌండ్లు మోసగాళ్ల పాలవుతున్నాయన్నారు. అధికారిక అంచనా 70 పెన్నీలు. నేరాలు తగ్గుతున్నాయన్నా సగానికి పైగా నమ్మలేదు. తమ బిడ్డలను, తమ పేదలను ఏ కళ్లతో చూశారో మనలను కూడా ఆ కళ్లతోనే చూశారు. మనిషికి దేనివల్ల భయమో, దేనిమీద కోపమో, అది అతని లెక్కలో పెరిగిపోతుంది. సర్వేలు బ్రిటన్ గురించి చెప్పిన మాటల్లో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే.

మరొక విచిత్రం కూడా వాటిలో పదే పదే కనిపిస్తుంది. వలసలు దేశానికి పెద్ద సమస్య అనేవారిని "మీ ప్రాంతంలోనూ సమస్యేనా?" అని అడిగితే చాలామంది కాదంటారు. తమ వీధిని వారు స్వయంగా చూస్తారు. దేశాన్ని మాత్రం పత్రిక చూపినట్లు చూస్తారు.

ఈ అంచనాలు ఊహలుగానే మిగిలిపోతే నష్టం లేకపోయేది. 2016 జూన్ ప్రజాభిప్రాయ సేకరణకు ముందు, యూరోపియన్ యూనియన్ దేశాల నుండి వచ్చినవారు తమ జనాభాలో నూటికి 15 మంది అని ప్రజలు అనుకున్నారు. ఉన్నది సుమారు 5. వైదొలగాలని ఓటు వేయదలచిన వారి అంచనా ఇంకా ఎక్కువ. చివరకు 52కు 48 తేడాతో బ్రిటన్ వైదొలగింది. దానికి వేరే కారణాలు అనేకం ఉన్నవి, కాదనము. కానీ ఓటు వేసే చేతి వెనుక ఈ తప్పు లెక్క కూడా ఉన్నది.

ఇక 2015 నవంబరు సంగతి. పారిస్ దాడులు జరిగి పది రోజులైనది. ప్రతి ఐదుగురు బ్రిటిష్ ముస్లింలలో ఒకరికి జిహాదీల పట్ల సానుభూతి ఉన్నదని 'ది సన్' పత్రిక మొదటి పేజీలో ప్రకటించింది. సర్వేషన్ సంస్థ చేసిన సర్వేయే దానికి ఆధారం. అడిగిన ప్రశ్న ఏమిటి? సిరియాలో పోరాడేవారితో చేరడానికి దేశం విడిచి వెళ్లే ముస్లిం యువకుల పట్ల మీకు సానుభూతి ఉన్నదా అని. ఐసిస్ పేరు అందులో లేదు. అప్పుడు సిరియాలో పోరాడుతున్నవి ఎన్నో వర్గాలు. ఐసిస్‌తో పోరాడేవారూ వారిలో ఉన్నారు. దారి తప్పిన బిడ్డ మీద తల్లికి కలిగే జాలి కూడా సానుభూతియే కదా! పైగా ఆ ఏడాది మార్చిలో అదే సంస్థ ముస్లిమేతరులను ఇటువంటి ప్రశ్నే అడిగితే నూటికి సుమారు 14 మంది సానుభూతి ఉన్నదన్నారు. దానిని మొదటి పేజీలో ఎవరూ వేయలేదు. తమ సర్వేకు పత్రిక చెప్పిన అర్థాన్ని తాము సమర్థించమని సర్వే సంస్థయే ప్రకటించింది. వేలాది ఫిర్యాదులు వెళ్లాయి. 2016 మార్చిలో పత్రికల నియంత్రణ సంస్థ ఇప్సో, ఆ శీర్షిక పాఠకులను గణనీయంగా తప్పుదోవ పట్టించిందని తీర్పు చెప్పి, ఆ తీర్పును అదే పత్రికలో ప్రచురింపజేసింది. శీర్షికను చూసిన వారిలో ఎందరు తీర్పును చదివి ఉంటారో!

అయితే అన్ని నిందలూ పత్రికలపై మోపి మనం తప్పుకోలేము. చానల్ 4 కోసం ఐసీఎం సంస్థ 1,081 మంది ముస్లింలను ముఖాముఖి ప్రశ్నించి చేసిన సర్వే 2016 ఏప్రిల్‌లో వెలువడింది. బ్రిటన్ తమదన్న భావం బలంగా ఉన్నదని నూటికి 86 మంది చెప్పారు. దేశ ప్రజల సగటు 83. ఈ మాటను మనవారు ఎంతో ఉత్సాహంతో ప్రచారం చేశారు. భార్య ఎల్లప్పుడూ భర్త మాటకు లోబడి ఉండాలని 39 మంది అన్నారు. మిగతా ప్రజలలో అలా అన్నవారు 5. ఈ మాట వచ్చేసరికి, ముస్లింలు కనీసం ఐదవ వంతు ఉన్న ప్రాంతాల్లోనే సర్వే చేశారు కనుక చెల్లదన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. చెదురుగా నివసించేవారి గొంతు అందులో లేదు. కానీ ఆ లోపం 86కు కూడా వర్తించదా? సనద్ ఒకటే అయినప్పుడు నచ్చిన సగం పుచ్చుకొని నచ్చని సగం త్రోసివేసే అధికారం మనకు లేదు.

సర్వే చేసేవారు సైతం పొరబడతారు. 2015 ఎన్నికల్లో కన్జర్వేటివ్, లేబర్ పార్టీలు సమానంగా ఉన్నాయని చివరి రోజు వరకు చెప్పారు. కన్జర్వేటివులు దాదాపు 7 శాతం ఆధిక్యంతో గెలిచారు. అప్పుడు వారే ప్రొఫెసర్ ప్యాట్రిక్ స్టర్జిస్ అధ్యక్షతన విచారణ జరిపించుకొని, తాము ఎంచుకున్న మనుషులే జనానికి సరైన నమూనా కారని వెలువడిన నివేదికను బహిరంగంగా ప్రచురించారు. పొరపాటు చూపినా మొండిగా దానినే పట్టుకొని కూర్చునే రావీని ముహద్దిసులు విడిచిపెట్టలేదు. దిద్దుకున్న వానిని గౌరవించారు. ఈ ఒక్క విషయంలో ఆ సర్వే సంస్థలను మెచ్చుకోవలసిందే.

మా విద్యార్థికి 2021 జనాభా లెక్కలు చూపించాము. ఇంగ్లండు, వేల్స్‌లో ముస్లింలు నూటికి 6.5, సుమారు 39 లక్షలు. పెరిగారు, నిజమే. కానీ ఏ మతమూ లేదన్నవారు 37 మంది. సందేశం వ్రాసిన పెద్దమనిషికి ఆ సంఖ్య కనిపించినట్లు లేదు. అతడు దానిని చాలాసేపు చూసి, ఫోన్‌లోని సందేశాన్ని తొలగించాడు. పంపినవారికి ఈ సంగతి వ్రాశావా అని నిన్న అడిగితే తల వంచుకున్నాడు. పంపినది వాళ్ల మేనమామ అట.