షెడ్డులో అంబాసిడర్: ఇక అమ్మేయడమే మేలు

అంబాసిడర్ అమ్మేస్తానంటే మా అంతర్వేదిలో ఎవరికీ నచ్చడం లేదు. "నాన్నగారి బండండీ, అమ్ముకుంటారా ఎవరైనా!" అని రేవు దగ్గర టీకొట్టాయన నన్ను నలుగురిలో నిలదీశాడు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయిదీ అదే మాట: "ఉండనీ నాన్నా, ఎప్పుడో చేయిద్దాం." వీళ్లలో ఒక్కరూ ఈ మధ్య షెడ్డు తలుపు తీసి లోపలికి చూసినవాళ్లు కారు. చూడని వస్తువు మీద ప్రేమ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది.

బండి 1968 నాటి మార్క్-2. ముందు గ్రిల్లు చిన్న చిన్న గళ్లతో ఉండే రకం. నాన్నగారు కొబ్బరి వ్యాపారం బాగున్న రోజుల్లో పాలకొల్లు డాక్టరుగారి దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నారు. కొత్తది కొనే తాహతు ఉన్నా దొరికేది కాదు. కార్ల ధర ఎంతో ప్రభుత్వం నిర్ణయించే కాలం అది, బుక్ చేసినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురు చూసేవారు. నరసాపురం నుంచి పంటు మీద వశిష్ట దాటి సఖినేటిపల్లి రేవులో దిగిన ఆ బండి, తర్వాత ఊళ్లో పెళ్లికూతుళ్లను అత్తారింట దింపింది, పురిటినొప్పులు వచ్చినవాళ్లను రాత్రికి రాత్రి అమలాపురం చేర్చింది. ఇదంతా నిజమే. అయితే ఇదంతా జరిగిన కథ. షెడ్డులో ఉన్నది వేరు.

షెడ్డులో ఉన్నది విప్పేసిన బండి. ఇంజను దించి రీబోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి, గ్రీజు పూసి గోనెపట్టాలో చుట్టి ఉంచాం. తలుపులు గోడకి ఆనించి ఉన్నాయి. సీట్లు అటక మీదున్నాయి. విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చిన సామాను డబ్బాల్లో ఉంది. ఇంజను పని ముగించి బాడీ మీదికి వెళ్లాకే అసలు సంగతి బయటపడింది. మేస్త్రి నేల రేకులో స్క్రూడ్రైవర్ పొడిస్తే అప్పడంలా విరిగింది.

జీపుకో లారీకో ఉన్నట్టు అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద నిలువునా సాగే పెట్టె రేకులు, వీటన్నిటినీ కలిపి వెల్డింగు చేసిన బాడీయే బండి బరువంతా మోస్తుంది. రెక్క రేకు తుప్పు పడితే పాచ్ వేసి పుట్టీ పెట్టి రంగు కొట్టొచ్చు. తలుపుల కింద పెట్టె పోయిందంటే మాత్రం నడుం పోయినట్టే. దాన్ని కోసి కొత్తది అతికేటప్పుడు బాడీ ఒక దారం పక్కకి జరిగినా ఇక తలుపు పడదు.

మా ఊరి గాలి సంగతి కూడా చెప్పాలి. మా షెడ్డు గుమ్మంలో నిలబడితే లైట్‌హౌస్ కనిపిస్తుంది. సముద్రపు తుంపర్లలోని ఉప్పు రేకు మీద పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు చెమ్మను లాక్కుని కరిగి, కంటికి కనపడని నీటిపొరగా మారుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి తుప్పు మామూలు కంటే వేగంగా పాకుతుంది. కోనసీమలో తేమ 75 దాటని రాత్రి ఎప్పుడొస్తుందో మీరే చెప్పండి. పైగా మనం టార్పాలిన్ కప్పి బండిని కాపాడామనుకుంటాం. మట్టి నేల నుంచి లేచే చెమ్మ ఆ టార్పాలిన్ కిందే తిరుగుతుంది. తిరిగే బండికి ఎండా గాలీ తగులుతాయి, కడిగేవాళ్లుంటారు. విప్పి పెట్టిన బండికి ఇవేవీ ఉండవు. కాబట్టి "ఉండనీ" అంటే ఉన్నది ఉన్నట్టు ఉంటుందని కాదు, ఏటా కొంత పోతుందని. అటకెక్కిన సీటుకీ రేకుకీ ఉన్న ఆ తేడా మా అబ్బాయికి ఫోనులో ఎలా చెప్పను?

పని ఎందుకు ముగియలేదని అడుగుతారు. డబ్బు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, దానికి ఫలానా రోజుకి అయిపోవాలన్న గడువు లేదు. 2020 సెప్టెంబరులో మా లక్ష్మీనరసింహస్వామి రథం తన షెడ్డులోనే కాలి బూడిదైంది. భీష్మ ఏకాదశి నాటి రథోత్సవాన్ని ఎవరూ వాయిదా వేయలేరు. 2021 ఫిబ్రవరికల్లా కొత్త టేకు రథం నిలబడింది. అదే కోనసీమలో కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది. గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి గానీ రైలు మాత్రం ఇంకా రాలేదు. రైల్వేవాళ్లు ఆ స్తంభాలను అమ్ముకోలేరు పాపం. నాకు ఆ వెసులుబాటు ఉంది.

పెట్టిన డబ్బు సంగతేమిటని మా ఆవిడ అడిగింది. ఆ డబ్బు అమ్మినా రాదు, ఉంచినా రాదు, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఇక మీదట పెట్టాల్సింది ఎంతన్నదే చూడాలి. బాడీకి, రంగుకి, క్రోమియం పూతకి, సీట్లకి కలిపి మేస్త్రి చెప్పిన మొత్తానికి నడుస్తున్న అంబాసిడర్ ఒకటి వస్తుంది. "పోనీండి బాబుగారూ, ఆ పెట్రోలింజను పక్కనెట్టి డీజిలింజను ఎక్కించేద్దాం, తిరుగుతుంది" అన్నాడు. తిరుగుతుంది, నిజమే. కానీ 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధన ఏమంటోందంటే, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ హోదా. రుసుము 20,000 రూపాయలు. అది వచ్చినా రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనకీ ర్యాలీకీ మరమ్మతుకీ పెట్రోలుకీ తప్ప. అసలు ఇంజను తీసేస్తే ఆ హోదా మీదే ఆశ వదులుకోవాలి.

ఈ నిబంధన మంచిదే గానీ సగమే మంచిది. 50 ఏళ్లు నిండని పాత బండికి ఏ గౌరవమూ లేదు, భారం మాత్రం ఉంది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 600గా ఉన్న రుసుము 2022 ఏప్రిల్లో 5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పొగ కక్కే బండినీ, పండక్కి మాత్రమే బయటికి తీసే పద్మిని కారునీ ఒకే గాటన కట్టడం నాకు న్యాయంగా తోచదు. ఇలాగైతే 50వ ఏట వింటేజ్ కావాల్సిన బండి 30వ ఏటే పాత ఇనుపకొట్టుకి పోతుంది.

కొంటామన్నవాళ్లు ముగ్గురు వచ్చారు. పాత సామాన్లాయన కిలోల లెక్కన అడిగాడు. సినిమావాళ్ల మనిషి ఒకాయన మంచి ధరే చెప్పాడు గానీ, ఎందుకని అడిగితే ఒక సీనులో తగలబెట్టడానికట. మూడో అతను రాజమండ్రి కుర్రాడు. అతని దగ్గరా మార్క్-2 ఉంది. బాడీ గట్టిదే, ఇంజను పగిలింది, గ్రిల్లు లేదు, తలుపులు రెండు పోయాయి. నా ఇంజను, గ్రిల్లు, తలుపులు, డబ్బాల్లోని సామాను కావాలన్నాడు. ముగ్గురిలో తక్కువ ధర అతనిదే.

అతనికే ఇస్తున్నాను. నాన్నగారి బండి ముక్కలైపోతుందని బంధువులు బాధపడుతున్నారు. అది ముక్కలై చాలా కాలమైంది. రోడ్డు మీద మళ్లీ తిరిగే యోగం ఆ ఇంజనుకైనా ఉంటే చాలు. ఉత్తరపారాలో 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆపిన కంపెనీవాళ్లు, 2017లో ఆ పేరునే 80 కోట్లకి ప్యూజోకి అమ్మేశారు. నేను అమ్ముతున్నది ఒక ఇంజనూ నాలుగు తలుపులూను.

మీ చావిట్లోనూ ఇలాంటిది ఉంటే, కొనేవాడికి ఫోను చేసే ముందు ఆర్‌సీ పుస్తకం వెతకండి. అది పోయినవారి పేరున ఉంటే ముందు ఫారం 31తో మీ పేరుకి మార్చుకోవాలి. బండిని బండిగానే అమ్ముతుంటే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకుండా, అవతలివాళ్ల పేరు ఆర్టీవో రికార్డులో ఎక్కేదాకా వెంటపడండి. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు వాళ్లే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. నాలాగా సామాను విడిగా ఇచ్చి బాడీని తుక్కుకి వేస్తే, పద్నాలుగు రోజుల్లోగా ఆర్టీవోకి తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి.