నలుపే గాని గుణవంతురాలు

మా ప్రాంతమున పెండ్లిచూపులకు వచ్చినవారు పిల్లను చూచి, ఫలహారములు ముగించి, వీధిలోనికి రాగానే పలుకు మాట యొకటి కలదు: "పిల్ల నలుపే గాని గుణవంతురాలు." ఈ వాక్యమును నేనెన్నియో యిండ్ల ముంగిట వింటిని. పలికినవారు తాము బాహ్యరూపమును దాటి అంతఃసౌందర్యమును గుర్తించిన యుదారులమని తలంతురు. ఆ యుదారత కట్నము ప్రసంగము వచ్చువరకే. పిమ్మట ఆ నలుపునకు వెలకట్టి పిల్ల తండ్రి నెత్తిన మోపుదురు. కట్నము నిచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమని 1961లో శాసనమైనది. నలుపునకు మాత్రము నేటికిని చాటుగా ధర పలుకుచునే యున్నది.

నేనిచ్చట విమర్శింప బూనినది కట్నలోభులను గాదు; వారి సంగతి యందఱెఱిగినదే. "అంతఃసౌందర్యమే నిజమైన సౌందర్యము" అని సభలలో నుపన్యసించు మనబోటి విద్యావంతులనే నేనడుగుచున్నాను. ఈ మాటను మనమెవరితో జెప్పుచున్నాము? పచ్చని మేనిచాయ గల పిల్లతో నెన్నడైన జెప్పితిమా? ముందుగా నవమానించిన బాలికకే తరువాత నీ యోదార్పు నిచ్చుచున్నాము. "గాని" యను రెండక్షరములలోనే తీర్పంతయు నున్నది: నలుపు దోషము, గుణము దానికి పరిహారము! ఇట్లు పలుకుట గుణమునకు గౌరవమా? తూకము తక్కువైనప్పుడు వర్తకుడు పైన వేయు కొసరు వంటిది కాదా?

ఈ తీర్పు ఫలము నేను బడిలో ననుదినము చూచుచున్నాను. ఆటల గంటలో మైదానమునకు రమ్మన్నచో, "ఎండకు నల్లబడిపోతాను మాస్టారూ" అని చెట్టునీడ విడువని బాలికలున్నారు. ఈ భయమును వారే పాఠ్యపుస్తకమునను చదువలేదు. తమ యింటి ముంగిటనే వినిరి.

మా పాతపట్నమున వెలసిన తల్లి పేరు నీలమణి దుర్గ. ఆంధ్రులు, ఒడియాలు ననక ఉభయులును ఆమెకు మ్రొక్కుదురు. రాముని నీలమేఘశ్యాముడని కీర్తింతుము. ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనిచాయను బట్టియే వచ్చినది. గుడిలో చేతులు జోడించిన చాయకే యింటిలో మొగము త్రిప్పుకొనుచున్నాము. నా కొడుకునకు తెల్లని భార్య దొరకునట్లు చేయుమని నీలమణినే వేడుకొనుటకంటె విపరీతమేమున్నది?

"సౌందర్యాభిలాష సహజము కాదా? కాళిదాసంతటివాడు రూపమును వర్ణింపలేదా?" అని కొంద ఱాక్షేపింతురు. వర్ణించెను, కాని యాతని కుమారసంభవమున నైదవ సర్గను వారు మరచిరి. బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు తన రూపమును, పుట్టుకను, లేమిని తానే పరిహసించి పార్వతి మనస్సును పరీక్షించును. ఆమె "విరూపియే గాని గుణవంతుడు" అని సర్దిచెప్పలేదు. దోషము శివునియందు లేదనియు, చూచువాని మందబుద్ధియందే యున్నదనియు ఖండించెను. ఇదియే నా వాదమునకు మూలము. అంతఃసౌందర్యము ముందుగా నుండవలసినది చూడబడువారియందు గాదు, చూచువారియందు.

చూపును దిద్దుకొనుట మానవమాత్రులకు సాధ్యమా యనువారికి మా పొరుగు పర్లాకిమిడియే సాక్ష్యము. అచ్చటి యుపాధ్యాయులు గిడుగు రామమూర్తి పంతులుగారి కాలమున నాగరికులు కొండలపై సవరల వేషమును, మేనిని చూచి, వారు మోటువారని తేల్చివేసిరి. పంతులుగారు వారి ప్రక్కన గూర్చుండి వారి మాట నేర్చిరి. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. కొండ మలేరియాకు పుచ్చుకొన్న క్వినైను వలన వినికిడి పోయినను ఆ పని విడువలేదు. అంతకు మున్నును సవర భాష యంతే చక్కనిది. లేనిదల్లా దానిని వినగల చెవి.

పేరు మార్చినంత మాత్రమున చూపు మారదు. 1975లో మన దేశపు విపణిలోనికి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' యను లేపనము 2020లో 'గ్లో అండ్ లవ్లీ' యైనది. మనమును "నలుపు" అనుటకు మారుగా "చాయ తక్కువ" అని మృదువుగా బలుకుటచే సంస్కారవంతులము కాజాలము.

కనుక గృహస్థులారా, వివాహ ప్రకటనలలో మేనిచాయను వ్రాయకుడు, వ్రాసినవారికి జవాబీయకుడు. తల్లులారా, పిల్లలు వినునట్లు ఒకరి చాయ నెంచకుడు. వారిని ఎండలో నాడుకొననిండు. పిల్లను చూడ వచ్చినవారు చాయమాట యెత్తినచో మర్యాదగా ద్వారము చూపుడు. ఆ సంబంధము తప్పుటచే మీ బిడ్డకు నష్టము లేదు. ఇక మంచి పిల్లను గూర్చి మాట్లాడవలసివచ్చినప్పుడు "గుణవంతురాలు" అని మాత్రమే యనుడు. దానికి ముందు మరియొక మాట యక్కఱలేదు.