శిస్తు చిట్టాలో దొరికిన తాతముత్తాతలు

ఐర్లండ్‌లో రాస్కామన్ కౌంటీకి చెందిన స్ట్రోక్స్‌టౌన్ మహోన్ల వంశవృక్షంలో 1847వ సంవత్సరం రెండుసార్లు కనిపిస్తుంది. మార్చిలో వారసురాలు గ్రేస్ కేథరిన్ పెళ్లి. నవంబరు 2న ఆమె తండ్రి మేజర్ డెనిస్ మహోన్ హత్య. ఈ రెంటికీ నడుమ, మే నెలలో, ఆ ఎస్టేటు నుంచే పిల్లాపాపలతో కలిపి 1490 మంది కౌలు కుటుంబాల జనం డబ్లిన్ దాకా నడిచి వెళ్లి కెనడా దారి పట్టారు. వంశవృక్షంలో ఆ సంగతి లేదు. ఉండదు కూడా. ఎవరు ఎవరికి పుట్టారు, ఎవరిని కట్టుకున్నారు, ఆస్తి ఎవరికి వెళ్లింది... వంశవృక్షం చెప్పేది ఆ మూడు ముక్కలే.

ఆ మూడు ముక్కలు చెప్పడానికే ఒక పెద్ద పుస్తక పరిశ్రమ నడిచింది. జాన్ బర్క్ అనే ఐరిష్ వంశచరిత్రకారుడు 1826లో ప్రభువుల వంశావళిని అచ్చువేశాడు. ఆ తర్వాత బిరుదులు లేని భూస్వాముల వైపు తిరిగాడు. 1899లో ఐర్లండ్ భూస్వామ్య కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక సంపుటమే వచ్చింది. అందులో పేరెక్కడమంటే పెద్దమనిషి అని ముద్ర పడటమే. వివరాలు చాలావరకు ఆయా కుటుంబాలు పంపినవే కాబట్టి మూలపురుషుడు ఎప్పుడూ వీరుడే, భూమి ఎప్పుడూ సక్రమంగా సంక్రమించినదే.

మహోన్ల భూమి ఎలా సంక్రమించిందో చూస్తే ఐర్లండ్ చరిత్ర సగం తెలిసిపోతుంది. ఆ నేల పూర్వం ఓకానర్ రో అనే గేలిక్ పాలక వంశానిది. 17వ శతాబ్దంలో ఇంగ్లిషు సేనాని క్రామ్‌వెల్ సైన్యం దేశాన్ని తొక్కేసిన తర్వాత, ఆ యుద్ధంలో పనిచేసిన కెప్టెన్ నికొలస్ మహోన్‌కు అక్కడ భూములు దక్కాయి. దేశమంతటా అదే కథ. 1641లో ఐర్లండ్ భూమిలో దాదాపు 59 శాతం కేథలిక్కుల చేతిలో ఉండేది. 1688 నాటికి అది 22 శాతం, 1703 నాటికి 14 శాతం. మిగిలిన ఆ కాస్తనూ కరిగించడానికి 1704లో ఒక చట్టం వచ్చింది. కేథలిక్కు భూస్వామి చనిపోతే అతని భూమిని కొడుకులందరికీ సమానంగా పంచాలి. పెద్దకొడుకు ప్రొటెస్టెంటు చర్చిలో చేరితే మాత్రం మొత్తం అతనికే.

సమాన పంపకం అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అదే సమయంలో ప్రొటెస్టెంటు కుటుంబాల్లో భూమంతా పెద్దకొడుక్కే వెళ్లేది, పైగా ఏ తరమూ దాన్ని అమ్ముకోకుండా దస్తావేజులతో కట్టుదిట్టం చేసుకునేవారు. ఒక వంశం ముక్కలవుతూ వచ్చింది, ఇంకో వంశం ముద్దగా మిగిలింది. బర్క్ పుస్తకంలో తరతరాల ఎస్టేటు గొప్పగా కనిపిస్తోందంటే ఆ గొప్పలో సగం వాటా ఈ చట్టానిదే.

తర్వాతి తరాలు కట్టడాల మీద పడ్డాయి. థామస్ మహోన్ కాలంలో, 1730లలో, స్ట్రోక్స్‌టౌన్ పార్క్ భవనం పెరిగింది. ఆ నమూనా నాటి ప్రసిద్ధ వాస్తుశిల్పి రిచర్డ్ కాసెల్స్‌ది అంటారు. ఆ ఇంట్లో రెండు చోట్లు చూస్తే చాలు, జమీందారీ మనసు అర్థమవుతుంది. ఒకటి వంటగది. దాని పైన గోడ వెంబడి నడవా లాంటి బాల్కనీ ఉంది. దొరసాని కిందికి దిగకుండా పైనుంచే వంటవాళ్లను కనిపెట్టేది. వారానికి సరిపడా వంటల జాబితాను సోమవారం పొద్దున పైనుంచి కిందికి జారవిడిచేదని ఇల్లు చూపించేవాళ్లు చెబుతారు. రెండోది సొరంగం. పనివాళ్లు పెరటి నుంచి వంటింటికి వెళ్లేటప్పుడు దొరల కంట పడకుండా భూమి కింద నుంచి నడవాలి. వాళ్ల పని కావాలి, వాళ్లు కనబడకూడదు. 1800లో ఐర్లండ్ పార్లమెంటును రద్దు చేసి లండన్‌లో కలిపే చట్టానికి మద్దతు పలికినందుకు మారిస్ మహోన్‌కు బారన్ హార్ట్‌లండ్ బిరుదు వచ్చింది. తమ దేశపు చట్టసభను ఎత్తివేయడానికి చెయ్యెత్తి బిరుదు అందుకున్నవాడు ఆయన ఒక్కడే కాదు లెండి.

వంశవృక్షంలో ఒక కొమ్మ ఎండితే కింద వేలమంది బతుకులు ఎలా మారతాయో మూడో బారన్ దగ్గర తెలుస్తుంది. ఆయన మతిస్థిమితం కోల్పోయాడు, సంతానం లేదు. ఎస్టేటు బాధ్యత ఎవరిదన్న తగాదా బంధువుల మధ్య ఏళ్ల తరబడి కోర్టులో నలిగింది. ఆ కాలంలో అజమాయిషీ లేదు. శిస్తు బకాయిలు పేరుకుపోయాయి. కౌలు చెక్కలు చీలి చీలి, ఒక్కో కుటుంబం ఎకరం రెండెకరాల బంగాళాదుంప మీద బతికే స్థితికి వచ్చింది. 1845లో బారన్ చనిపోయాడు, బిరుదు అంతరించింది, దాయాది డెనిస్ మహోన్‌కు భూమి దక్కింది. సుమారు 11 వేల ఎకరాలు, 12 వేల మంది జనం, నెత్తి మీద పెద్ద అప్పు. సరిగ్గా ఆ ఏడాదే ఐర్లండ్‌లో బంగాళాదుంపకు తెగులు సోకింది.

1846 ఆగస్టులో క్లూనహీ అనే పల్లె కౌలుదారులు దొరకు అర్జీ పెట్టుకున్నారు. కళ్లెదుట పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ఇక తట్టుకోలేం, పనైనా ఇప్పించండి అని దాని సారాంశం. మర్యాద తప్పని మాటలే, కానీ అడుగున బెదిరింపు నీడ ఉంది. ఎస్టేటు వ్యవహారాలు చూసే ఏజెంటు జాన్ రాస్ మహోన్ మాత్రం వేరే లెక్క వేశాడు. మన జమీందారీల్లో దివానుగిరీ లాంటి పని అతనిది. ఈ జనాన్ని ఏడాదిపాటు పేదల ఆశ్రయమైన వర్క్‌హౌస్‌లో ఉంచితే అయ్యే ఖర్చు కంటే కెనడాకు ఓడ ఎక్కించే ఖర్చు సగమే అని తేల్చాడు. మే నెలలో బయలుదేరిన ఆ 1490 మంది దారిలో జారుకోకుండా, నిజంగా ఓడ ఎక్కేదాకా చూసేందుకు ఎస్టేటు మనిషి ఒకడు వెంట నడిచాడు. లివర్‌పూల్ నుంచి నాలుగు ఓడలు. వాటిలో వర్జీనియస్ అనే ఓడలో 476 మంది ఎక్కితే 158 మంది సముద్రం మీదే టైఫస్ జ్వరంతో పోయారు. మిగిలినవాళ్లలో చాలామంది క్విబెక్ దగ్గర గ్రోస్ ఐల్ దీవిలో క్వారంటీన్ షెడ్లలో పోయారు.

ఆ కబురు ఊరికి తిరిగొచ్చింది. రాస్కామన్‌లో పేదల సహాయానికి సంబంధించిన సమావేశం ముగించుకుని బండిలో ఇంటికి వస్తున్న మేజర్ మహోన్‌ను దారిలో కాల్చి చంపారు. లండన్ పత్రికలు, ప్రభువుల సభ అట్టుడికిపోయాయి. మరుసటి ఏడాది ఉరిశిక్షలు పడ్డాయి. అప్పుడు ఎల్ఫిన్ బిషప్ జార్జ్ బ్రౌన్ ఒక పని చేశాడు. మహోన్ ఎస్టేటులో బేదఖలైన కుటుంబాల జాబితాను ఊరూరా సేకరించి పత్రికలో అచ్చువేయించాడు. 605 కుటుంబాలు, 3,006 మంది. బర్క్ పుస్తకానికి ఇంతకంటే ఘాటైన జవాబు ఎవరూ రాయలేదు. అక్కడా పేర్లే, ఇక్కడా పేర్లే.

పెళ్లయిన గ్రేస్ కేథరిన్ మళ్లీ స్ట్రోక్స్‌టౌన్‌లో అడుగుపెట్టలేదంటారు. ఆమె భర్త హెన్రీ శాండ్‌ఫర్డ్ పేకెన్‌హామ్ మాత్రం మామగారి ఇంటిపేరును తన పేరుకు తగిలించుకున్నాడు. భూమి కోసం మగవాడు ఇంటిపేరు మార్చుకోవడం ఈ కుటుంబాల్లో మామూలే. వాటర్లూ విజేత వెల్లింగ్టన్ తాతగారి ఇంటిపేరు కూడా పుట్టుకతో కాలీ. 1728లో బంధువు ఆస్తి వచ్చినందుకు వెస్లీ అయ్యాడు, మనవలు దాన్నే వెల్స్లీగా దిద్దుకున్నారు. ఆ మనవల్లో పెద్దవాడు రిచర్డ్ వెల్స్లీ మన దేశంలో గవర్నర్ జనరల్‌గా ఉండగానే 1800లో నిజాము రాయలసీమను కంపెనీకి దత్తం చేశాడు, 1802లో ఉత్తర సర్కార్లకు పర్మినెంట్ సెటిల్‌మెంట్ వచ్చింది. మీత్ కౌంటీలోని తన సొంత ఎస్టేటును అమ్మేసుకున్న ఐరిష్ భూస్వామి హయాములో తెలుగునాట జమీందారీ హక్కులకు శాశ్వత పట్టా పడింది!

రెండు దేశాల మధ్య ఈ రాకపోకలు అక్కడితో ఆగలేదు. 1870, 1881లలో ఐర్లండ్ కౌలుదారులకు హక్కులిస్తూ వచ్చిన చట్టాల ఆలోచన 1885 నాటి బెంగాల్ కౌలు చట్టంలోకి దిగింది. దాని రూపకల్పనలో చెయ్యి వేసిన ఐసీఎస్ అధికారి ఆంటొనీ మెక్‌డానెల్ మేయో కౌంటీలో పుట్టిన కేథలిక్కు. బెంగాల్ చట్టం అడుగుజాడల్లోనే 1908లో మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు వచ్చి పిఠాపురం, వెంకటగిరి, బొబ్బిలి జమీందారీల రైతులకు సాగుహక్కు తెచ్చిపెట్టింది. మెక్‌డానెల్ 1902లో ఐర్లండ్ తిరిగి వెళ్లి అక్కడి ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ అయ్యాడు. మరుసటి ఏడాది వచ్చిన విండమ్ చట్టంలో ఆయన పాత్ర పెద్దది. కౌలుదారు భూమి కొనుక్కోవడానికి సర్కారే అప్పిచ్చింది, అరవై ఎనిమిదిన్నర ఏళ్లలో తీర్చవచ్చు. అమ్మే దొరకు ధర మీద 12 శాతం బోనసు. దొరలు సంతోషంగా అమ్ముకున్నారు. 1870లలో దాదాపు 27 వేల ఎకరాలున్న పేకెన్‌హామ్ మహోన్ల ఎస్టేటు 20వ శతాబ్దంలో కరిగిపోయి ఇల్లు, చుట్టూ కొంత భూమి మిగిలాయి.

ఆ వంశంలో ఆ ఇంట్లో చివరిదాకా ఉన్నది ఆలివ్. ఆమె మొదటి భర్త పెళ్లయిన కొద్ది నెలలకే 1914 యుద్ధంలో పోయాడు. వృద్ధాప్యంలో, 1979లో, ఎస్టేటును స్థానికంగా లారీల వ్యాపారం చేసే కంపెనీకి అమ్మారు. ఆ కంపెనీ యజమాని జిమ్ క్యాలరీకి కావలసింది గ్యారేజీ పెంచుకోవడానికి జాగా. కానీ ఎస్టేటు ఆఫీసులో కాగితాలు తిరగేస్తుంటే క్లూనహీ అర్జీ చేతికొచ్చింది. దాంతో, తనకు అక్కర్లేని ఇంటిని మళ్లీ అమ్మేయాలన్న ఆలోచన మానుకున్నాడు. యాభై వేలకు పైగా కాగితాలు బయటపడ్డాయి. 1994లో అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ అక్కడే జాతీయ కరువు మ్యూజియం ప్రారంభించారు. దొరల గుర్రపుశాలల్లో!

ఆ కాగితాలకు అంత విలువ ఎందుకంటే, ఐర్లండ్‌లో సామాన్యుడి వంశచరిత్రకు ఆధారాలు చాలా తక్కువ. 1861, 1871 జనగణన పత్రాలను సర్కారే ధ్వంసం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితం గుజ్జుకు వెళ్లాయి. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవన సముదాయంలో ఉంటే, 1922 జూన్ 30న అంతర్యుద్ధపు మంటల్లో చాలావరకు బూడిదయ్యాయి. పూర్తిగా మిగిలిన మొదటి జనగణన 1901ది. దానికి ముందు ఓ కూలీ తాత ఏ ఊళ్లో ఉండేవాడో తెలియాలంటే చాలాసార్లు దొర శిస్తు చిట్టా చూడాల్సిందే. అందులో ఊరి పేరు, మనిషి పేరు, ఎకరాలు, కిస్తీ, బకాయి ఉంటాయి. తనను పీల్చిన లెక్కే తన ఆనవాలు కూడా కావడం విచిత్రమే. కానీ వాస్తవం అదే. స్ట్రోక్స్‌టౌన్ జాబితాలోని 1490 మందిలో పన్నెండేళ్ల డేనియల్ టై ఉన్నాడు. అతను, అతని చెల్లెలు మాత్రమే ఆ కుటుంబంలో బతికి బయటపడ్డారు. ఫ్రెంచి మాట్లాడే క్విబెక్ రైతు కుటుంబం వాళ్లను పెంచుకుంది. 2013లో డేనియల్ వంశస్థుడు స్ట్రోక్స్‌టౌన్ వచ్చాడు.

ఇక్కడే ఒక వాదన తేల్చుకోవాలి. జమీందారీ ఇళ్లకు సర్కారు సొమ్ము ఎందుకు, దొరల వంశాల గొడవ మనకెందుకు అనేవాళ్లు ఐర్లండ్‌లో ఎప్పుడూ ఉన్నారు. 1920-23 మధ్య 275 దాకా పెద్ద ఇళ్లు తగలబడ్డాయి. ఆ కోపానికి కారణాలు లేకపోలేదు. అయితే ఇంటితో పాటు దస్త్రాలు కాలిన చోటల్లా దొర వంశానికి పోయింది పెద్దగా ఏమీ లేదు. అతని వివరాలు బర్క్ పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. పోయింది కౌలుదారు మునిమనవడికి. ఇంకోవైపు, పాతకాలపు కుర్చీలూ వెండి పళ్లేలూ చూపించి టికెట్లు అమ్మే ధోరణి కూడా ఉంది. అది కూడా బర్క్ పుస్తకాన్నే ఇల్లుగా కట్టి చూపించడం. స్ట్రోక్స్‌టౌన్ చేసిన మంచి పనల్లా డ్రాయింగ్ రూమును, అర్జీని ఒకే ఆవరణలో ఉంచడం.

ఆ పని ఐర్లండ్ ప్రభుత్వం మాత్రం పూర్తిగా చేయలేదు. 1881లో మొదలైన ల్యాండ్ కమిషన్ దొరల భూముల్ని రైతులకు బదలాయించింది. 1999లో అది మూతపడింది. ఆ ఎస్టేట్ల పటాలు, హక్కు పత్రాలు, పంపకాల వివరాలు దాని దస్త్రాల్లో ఉన్నాయి. లక్షలాది కాగితాలు పోర్ట్‌లీష్ గిడ్డంగిలో దశాబ్దాల పాటు పరిశోధకులకు అందకుండా ఉండిపోయాయి. పాత భూతగాదాలు మళ్లీ రేగుతాయన్న జంకు ఒక సాకు. ఏ ఇంటికి ఎంత దక్కిందన్నది పల్లెల్లో ఇప్పటికీ సున్నితమైన విషయమే, నిజమే. కానీ పుస్తకాల్లో దొరల మూడు వందల ఏళ్ల ఆస్తి లెక్క బాహాటంగా ఉండగా, రైతు చేతికి అదే భూమి ఎలా వచ్చిందన్నది మాత్రం రహస్యంగా ఉంచడం ఏ లెక్కన సబబు?

ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. 1937లో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు కమిటీ జమీందారీ గ్రామాల్లో తిరిగి రైతుల వాఙ్మూలాలు తీసుకుంది. జమీందార్ల వంశచరిత్రలు మన గ్రంథాలయాల్లో తేలిగ్గానే దొరుకుతాయి. ఆ వాఙ్మూలాలను తెలుగులో, ఊరి పేరు కొడితే తాత పేరు కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టడం రెండు తెలుగు రాష్ట్రాల ఆర్కైవ్స్, ప్రాచ్య లిఖిత శాఖలు తలచుకుంటే చేయగలిగిన పనే. 1901, 1911 జనగణన పత్రాలను ఐర్లండ్ జాతీయ ఆర్కైవ్స్ ఇప్పటికే ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టింది. ల్యాండ్ కమిషన్ గిడ్డంగి విషయంలో డబ్లిన్ చేయాల్సిందీ అదే.