వంగడానికి పదేళ్లు, శాస్త్రవేత్తకు పదకొండు నెలలు

కొత్త వరి వంగడం పరిశోధన మడి దాటి రైతు పొలం చేరడానికి ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. ఆ పనికి మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు పదకొండు నెలల ఒప్పందం మీద మనుషుల్ని తీసుకోవడం రివాజైపోయింది. ఇది ఆగాలి. ఖాళీగా ఉన్న సహాయ ఆచార్యుల, శాస్త్రవేత్తల పోస్టులను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ శాశ్వత ప్రాతిపదికన భర్తీ చేయాలి.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరిని తినని తెలుగు ఇల్లు అరుదు. వీటి వెనకున్న పని చూడండి. వరిలో సంకరం చేయాలంటే పువ్వు విచ్చకముందే పైకొస కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ ఒక్కటి మిగలకుండా తీసేసి, కంకికి సంచి తొడగాలి. తర్వాత మరో రకం పుప్పొడి రాల్చాలి. రెండో తరంలో వేల మొక్కలు రకరకాలుగా వస్తాయి. ఏది పడిపోతోంది, ఏది తెగులుకు తట్టుకుంటోంది చూసి ఏరుకుంటూ ఆరేడు తరాలు నడవాలి. ఆపై దిగుబడి పరీక్షలు, రైతుల పొలాల్లో చిన్న విత్తన సంచులతో (మినీకిట్లు) ప్రయత్నాలు. ఏ వరుసను ఎందుకు ఉంచారో రికార్డు పుస్తకం కొంతే చెబుతుంది. మిగతాది ఏళ్ల తరబడి ఆ మళ్లలో తిరిగినవారికే తెలుసు. ఒప్పందం ముగిసి వారు వెళ్లిపోతే ఆ తెలివిడీ వెళ్లిపోతుంది.

విస్తరణ సేవలదీ ఇదే గతి. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో నల్ల తామర పురుగు మిరప పూతను దెబ్బతీస్తుంటే రైతులు పరుగెత్తింది పురుగుమందుల దుకాణాలకే. మందు మీద మందు కొట్టి అప్పులపాలయ్యారు. రైతుకు సలహా ఇవ్వాల్సిన కృషి విజ్ఞాన కేంద్రానికి మంజూరయ్యేవే 16 పోస్టులు, అందులో విషయ నిపుణులు ఆరుగురు. కీటక శాస్త్ర నిపుణుల కుర్చీ ఖాళీగా ఉంటే మిరప రైతు ఎవరినడగాలి? గ్రామస్థాయి వ్యవసాయ సిబ్బందికేమో పంట నమోదుకు, పథకాల దరఖాస్తులకే పొద్దు చాలడం లేదు.

ఇటు పీహెచ్‌డీ చేసినవారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ వయసు దాటించుకుంటున్నారు. డిగ్రీ అయినవారు బ్యాంకు ఉద్యోగాలకు, గ్రూప్స్ కోచింగ్‌కు మళ్లుతున్నారు. వారిని తప్పుపట్టలేం. ప్రజాధనంతో చదివించి, చదివిన పనికి చోటు చూపని ప్రభుత్వాలదే ఈ తప్పు.

నిధులు లేవన్న జవాబు చెల్లదు. ఒక్క వంగడం లక్షల ఎకరాల్లో పండితే వచ్చే ఆదాయం ముందు ఈ జీతాలెంత? కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తల ఎంపికకు 1973 నుంచీ ప్రత్యేక మండలి ఉంది. రాష్ట్రాలూ ఏటా నిర్ణీత నెలలో నియామక ప్రకటన ఇవ్వాలి. ఏళ్లుగా ఒప్పందం మీద పనిచేస్తున్నవారి అనుభవానికి ఎంపికలో మార్కులు కలపాలి. ఈ జీతాలకు వచ్చే బడ్జెట్లోనే విడిగా పద్దు చూపాలి.