అన్నకో లెక్క... తమ్ముడికో లెక్క!

సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ బట్టలు కొనాలి. ఇంటిపెద్ద పిల్లల కొలతలు తీసుకోకుండా పోయినేటి బిల్లు పట్టుకుని దుకాణానికి వెళ్లాడనుకోండి. 'పెద్దవాడికి అప్పుడు నాలుగు మీటర్లు తెచ్చాం, ఇంకో పావు మీటరు కలపండి. చిన్నవాడికి మీటరే తెచ్చాం, ఓ జానెడు ఎక్కువ ఇవ్వండి' అంటే ఎలా ఉంటుంది? చిన్నవాడు ఏడాదిలో తాటిచెట్టులా ఎదిగి ఉండొచ్చు. పెద్దవాడికిచ్చిన గుడ్డలో సగం తాతయ్య పంచెకే పోతూ ఉండొచ్చు. పాత బిల్లుకు ఆ సంగతులేవీ తెలియవు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సర్కారు డబ్బు పంచే తీరు చాలావరకు ఇదే. ఏ వర్సిటీలో ఎంతమంది చదువుతున్నారు, ఎక్కడ ప్రయోగశాల మూలనపడింది, ఏ జిల్లా పిల్లలకు మరో దారి లేదు... ఇవన్నీ వెనక వరసలో ఉండే ప్రశ్నలు. ముందు వరసలో కూర్చునేది మాత్రం ఒక్కటే- 'పోయినేడు ఎంత ఇచ్చాం?'

పాత బిల్లే కొలమానం

వర్సిటీల నిర్వహణకు ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్మును బ్లాక్ గ్రాంటు అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో ఉన్నత విద్యామండలి ఏర్పడింది. దేశంలో అలాంటి మండలి అదే మొదటిది. బ్లాక్ గ్రాంటు ఎంత ఉండాలి, ఏ ప్రాతిపదికన ఉండాలి అని తేల్చే పని కూడా చట్టం దానికే అప్పగించింది. 2014 తర్వాత ఏ రాష్ట్రానికి ఆ మండలి. పద్ధతి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. వర్సిటీ తన అంచనాలు పంపుతుంది. అవి పరిశీలనకు వెళతాయి. ఆర్థికశాఖ కత్తెర పట్టుకుంటుంది. శాసనసభ ఆమోదిస్తుంది. ఆ తర్వాత విడతలవారీగా సొమ్ము విడుదలవుతుంది.

ఆ అంచనాల్లో సింహభాగం జీతాలు, పింఛన్లే. అందుకే మంజూరైన పోస్టులెన్ని, వాటిలో మనుషులున్న కుర్చీలెన్ని అన్నది గ్రాంటుకు పునాది అవుతుంది. పాత వర్సిటీల్లో ఈ పోస్టుల్లో చాలావరకు దశాబ్దాల కిందట మంజూరైనవి. అంటే, ఈ ఏడాది పీజీలో చేరిన అమ్మాయికి ఎంత డబ్బు దక్కాలో ఆమె పుట్టకముందే ఎవరో సంతకం చేసి నిర్ణయించేశారన్నమాట!

ఊహకు ఓ లెక్క వేసుకుందాం. పెద్ద వర్సిటీలో పదివేల మంది విద్యార్థులు, 400 పోస్టులు. చిన్న వర్సిటీలో రెండువేల మంది, 40 పోస్టులు. విద్యార్థుల్లో అది అయిదో వంతు. పోస్టుల్లో పదో వంతే. జీతాల లెక్కన డబ్బు పంచితే చిన్న వర్సిటీ విద్యార్థి తలకు పడేది సగమే. తప్పు ఎవరూ చేయలేదు. కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్యాయం మాత్రం జరిగిపోయింది.

పెద్దన్న కష్టాలు

అలాగని పాత వర్సిటీలకు పండగేం కాదు. వాటి పుట్టుకనాటి వైభవం వేరు. 1918లో మొదలైన ఉస్మానియాకు నిజాం ఖజానా అండ ఉండేది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. 1954లో తిరుపతిలో వచ్చిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి దేవస్థానం చేయూతనిచ్చింది. ఇప్పుడు ఆ సంగతులు చెప్పుకోవడమంటే 'తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అన్నట్టే.

వర్సిటీ వయసు పెరిగేకొద్దీ విశ్రాంత ఉద్యోగుల సంఖ్యా పెరుగుతుంది. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవారికి పింఛను ఇవ్వడం దయ కాదు, బాకీ. కానీ ఆ బాకీ తీర్చేదీ, పుస్తకాలు కొనేదీ ఒకే సంచీలోంచి అయితే ఏమవుతుంది? పింఛను ఆపలేరు కాబట్టి పుస్తకం ఆగుతుంది. పెద్ద వర్సిటీకి కోట్లు కేటాయించారన్న వార్త చదివినప్పుడు అందులో తరగతి గదిదాకా చేరేదెంత అని కూడా చూడాలి.

జీతాల ముడి ఇంకొకటుంది. అధ్యాపకుల స్కేళ్లు ఖరారయ్యేది ఢిల్లీలో. ఆరో వేతన సవరణలో పెరిగిన భారంలో 80 శాతం కేంద్రం భరించింది- 2006 జనవరి నుంచి 2010 మార్చి వరకు. ఏడో సవరణకు వచ్చేసరికి అది 50 శాతానికి తగ్గింది- 2016 జనవరి నుంచి 2019 మార్చి వరకే. గడువు దాటాక బరువంతా రాష్ట్రాల మీదే. రాష్ట్రం ఆ మేరకు గ్రాంటు పెంచకపోతే వర్సిటీ మీద.

పేరు పెట్టారు... మరి పోస్టులు?

ఇక తమ్ముళ్ల సంగతి. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, కడపలో యోగి వేమన, నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 2007లో నల్గొండలో మహాత్మాగాంధీ. 2008లో మచిలీపట్నం, నెల్లూరు, కర్నూలు, శ్రీకాకుళం, కరీంనగర్, మహబూబ్‌నగర్... మూడేళ్లలో పది! చదువు జిల్లా గడప దాకా రావాలన్న ఆలోచన మంచిదే. పేదింటి ఆడపిల్లను విశాఖకో హైదరాబాద్‌కో పంపలేని తల్లిదండ్రులకు అది వరమే. అయితే పేరు, కులపతి, ఉపకులపతి, శంకుస్థాపన శిలాఫలకం వచ్చినంత వేగంగా అధ్యాపక పోస్టులు రాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

పంపకంలో ఇంకో తిరకాసు కూడా ఉంది. కొత్త వర్సిటీ వస్తే ఆ జిల్లాలోని అనుబంధ కళాశాలలు దాని కిందికి వెళతాయి. గోదావరి జిల్లాలవి ఆంధ్రా నుంచి నన్నయకు, నెల్లూరువి ఎస్వీ నుంచి విక్రమ సింహపురికి, కరీంనగర్‌వి కాకతీయ నుంచి శాతవాహనకు, నల్గొండ, పాలమూరువి ఉస్మానియా నుంచి అక్కడి వర్సిటీలకు వెళ్లాయి. అనుబంధ రుసుం, పరీక్ష ఫీజులు వర్సిటీకి సొంత ఆదాయం. పాతవాటికి ఆ ఆదాయం తగ్గింది, పింఛన్ల బరువు మిగిలింది. కొత్తవాటికి కళాశాలలు వచ్చాయి, పాఠం చెప్పే మనుషులు రాలేదు. ఆస్తి పంచినప్పుడు అప్పు సంగతి, పొలం పంచినప్పుడు కాడెద్దుల సంగతి మరిచిపోతే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంది.

ఖాళీ కుర్చీ ఖరీదు

ఓ ఆచార్యుడు పదవీ విరమణ చేశారు. ఆ కుర్చీ ఖాళీ. నింపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి వచ్చాక నోటిఫికేషన్, రోస్టర్, కోర్టు కేసు... ఏళ్లు గడుస్తాయి. పద్దులో ఆ జీతం మిగులులా కనిపిస్తుంది. కానీ పాఠం ఎవరో చెప్పాలి కదా? గెస్ట్ ఫ్యాకల్టీ, పార్ట్‌టైమ్, ఒప్పంద అధ్యాపకులు, అకడమిక్ కన్సల్టెంట్లు... ఏ పేరుతో పిలిచినా పని ఒకటే, జీతం మాత్రం తక్కువ. ఆ జీతం కోసం వర్సిటీ సొంత నిధిలో చెయ్యి పెడుతుంది. నిధి కరిగితే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు తెరుస్తుంది. పరీక్ష ఫీజు పెంచుతుంది. పెంచితే ధర్నా. పెంచకపోతే జీతాలు లేవు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు!

సర్కారు పద్దులో మిగిలినట్టు కనిపించిన రూపాయి చివరికి విద్యార్థి జేబులోంచి పోతుంది. పరిశోధన చేయాలనుకునే కుర్రాడికి గైడు దొరకడు. శాశ్వత అధ్యాపకులు తక్కువైతే న్యాక్ గ్రేడు మీద దెబ్బ. గ్రేడు తగ్గితే బయటి నిధులకూ దూరం.

ఢిల్లీ సంచీ దారి వేరు

బయటి నిధుల్లో పెద్దది కేంద్రానిదే. 1956 నాటి యూజీసీ చట్టంలో 12(బి) అనే నిబంధన ఉంది. దాని కింద అర్హత వస్తేనే వర్సిటీకి కేంద్ర నిధులు. అర్హతకు భవనాలు, అధ్యాపకులు ఉండాలి. అవి సమకూరాలంటే నిధులుండాలి. ఈదడం వచ్చాకే నీళ్లలో దిగమన్నట్టు! 2013లో రూసా పథకం వచ్చాక రాష్ట్ర వర్సిటీల అభివృద్ధి నిధులు చాలావరకు ఆ దారికి మళ్లాయి. మన రాష్ట్రాల్లాంటి వాటికి కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. ఖాళీలు నింపుతామని మాట ఇవ్వాలన్న షరతూ ఉంది. 2023లో దాని పేరు పీఎం ఉషగా మారింది.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఖర్చు మాత్రం నేరుగా కేంద్రానిదే. అనంతపురంలో 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. అదే జిల్లాలో 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది. రెండూ ప్రజల డబ్బుతో నడిచేవే. ఇద్దరు పిల్లల్లో ఒకరిని మేనమామ దత్తత తీసుకున్నట్టు వాటి బాగోగులు మాత్రం వేర్వేరు. దేశంలో ఉన్నత విద్య చదివేవారిలో 80 శాతానికి పైగా రాష్ట్ర వర్సిటీలు, వాటి అనుబంధ కళాశాలల్లోనే ఉన్నారని 2025లో నీతి ఆయోగ్ నివేదిక తెలిపింది. మేనమామ ఇంటికి వెళ్లినవారు కొందరే. మిగతావారి అన్నం రాష్ట్రం కంచంలోనే.

డబ్బు విద్యార్థి వెంట నడిస్తే?

పోస్టుల వెంట కాకుండా విద్యార్థి వెంట డబ్బు పంపితే సరిపోదా? ఆ ప్రయోగమూ మనకు తెలిసిందే. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ అలాంటిదే. పిల్లవాడు ఎక్కడ చేరితే ఫీజు అక్కడికి వెళుతుంది. ఎన్నో ఇళ్లలో తొలి ఇంజినీరు దానివల్లే తయారయ్యాడు. కానీ ఆ సొమ్ములో చాలా భాగం ప్రైవేటు కళాశాలలకు వెళ్లింది. బకాయిలు పేరుకుపోయినప్పుడు సర్టిఫికెట్ల కోసం తిరిగింది విద్యార్థే. పైగా ఫీజుతో తరగతి నడుస్తుందేమో గానీ గ్రంథాలయం, పరిశోధన నడవవు. కాబట్టి రెండు దారులూ కావాలి. ఆ రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి, ఏ జిల్లా విద్యార్థి మీద మొత్తం ఎంత ఖర్చవుతోందో చూసుకోవాలి.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 1979లోనే పనితీరును బట్టి కొంత డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. 2010లో చట్టం మార్చి, ఎంతమంది చదువు పూర్తిచేశారన్నదే ప్రధాన కొలతగా తీసుకుంది. అందులో ఓ చిక్కుంది. గట్టెక్కేవారినే చేర్చుకుంటే వర్సిటీకి డబ్బు, బలహీనుడికి తలుపు మూత. అందుకే పేదింటి విద్యార్థి పట్టా పుచ్చుకుంటే లెక్కలో ఎక్కువ బరువు ఇచ్చారు. సూత్రం రాసేటప్పుడే పేదవాణ్ని గుర్తుపెట్టుకోవాలన్నమాట.

పున్నయ్య చెప్పిన మాట

ఈ విషయంలో తెలుగువాడు చెప్పిన మాటా ఉంది. యూజీసీ నిధుల తీరును పరిశీలించిన కమిటీకి నాయకత్వం వహించింది శ్రీకాకుళం జిల్లాకు చెందిన జస్టిస్ పున్నయ్య. 1993 నాటి ఆ నివేదిక, ఒక్కో విద్యార్థికి అయ్యే ఖర్చును లెక్కగట్టి గ్రాంటు ఇవ్వాలంది. వర్సిటీలు సొంత ఆదాయాన్ని అయిదేళ్లలో 15 శాతానికి, పదేళ్లలో 25 శాతానికి పెంచుకోవాలంది. అలా సంపాదించుకున్న దాన్ని చూపి గ్రాంటులో కోత పెట్టకూడదనీ చెప్పింది. సొంత ఆదాయం పెంచుకోవాలన్న మాట పాలకులకు బాగా గుర్తుండిపోయింది. కోత వద్దన్న మాట చెవికెక్కలేదు.

కొలతలు కొత్తగా తీయడం బ్రహ్మవిద్యేం కాదు. పింఛన్లను బ్లాక్ గ్రాంటులోంచి తీసి విడిగా ఇవ్వొచ్చు. విద్యార్థుల సంఖ్య, ప్రయోగశాల కోర్సులు, జిల్లా వెనకబాటు కలిపి ఓ సూత్రం రాసి, కొన్నేళ్లకోసారి సవరించొచ్చు. కేటాయించిందెంత, విడుదల చేసిందెంత అన్నది వర్సిటీల వారీగా ప్రజల ముందు పెట్టొచ్చు. పెద్దవాటికి కోయకుండా, పెరిగే సొమ్ములో చిన్నవాటికి ఎక్కువ వాటా ఇస్తూ పోయినా కొన్నేళ్లలో అంతరం తగ్గుతుంది.

అప్పటిదాకా తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. పిల్లల్ని పీజీలో చేర్పించేటప్పుడు భవనాలు, హాస్టలు, ఫీజు ఎలాగూ చూస్తారు. వాటితోపాటు ఆ విభాగానికి వెళ్లి 'ఇక్కడ శాశ్వత అధ్యాపకులు ఎంతమంది?' అని అడగాలి. నలుగురు ఉన్నారంటే సంతోషం. ఒక్కరే అన్నారా... అదే ప్రశ్నను ఓటడగడానికి వచ్చే నాయకుణ్నీ అడగాలి.